బాత్రూం మీది అటుక

ఈ అర్ర పొడుగు నా చీరె కంటె తక్కువ.
నిజంగనే కొలిచిన.
కొంగు తలుపు గొళ్లానికి చిక్కిచ్చి
అటు గోడ దాంక నడిస్తే
ఇంకా రెండు కుచ్చిళ్లు చేతిల మిగిలినయ్.

షార్జాల, రోలా సందుల, నాలుగో అంతస్తు.
ఒక్క బెడ్రూమును జిప్సం చెక్కతోని రెండు చేసి
నూటయాభై ఎక్కువ తీసుకొని
బాత్రూం ఉన్న ముక్క మాకిచ్చిండ్రు.
అటు పక్క లిస్సీ దగ్గితే
ఇటు నా బిడ్డ నిద్రల ఉలికిపడ్తది.
“ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం”
అని నవ్విండు గంగాధర్, వచ్చిన కొత్తల.
నేను నవ్వలే.

మొదలు మంచం కాళ్ల కింద ఇటుకలు.
సైటు నుంచి ఆయనే తెచ్చిండు,
టిఫిన్ సంచిల, రోజుకొకటి.
జానెడు లేసింది మంచం.
ఆ జానెడుల బియ్యం బస్తా, ఉల్లిగడ్డ, ఆయన బూట్లు,
పెద్ద సూట్‌కేసు, దాంట్ల నడిమిది, దాంట్ల చిన్నది,
చిన్నదాంట్ల ముగ్గురి కాయితాలు.
ఒక్క జిరాక్సు కావాలంటే మూడు జిప్పులు గుంజాలె.
చలికాలం దుప్పట్లు దిండు గలీబుల కుక్కిన.
మే నెలల
జనవరిని తల కింద పెట్టుకొని పంటున్నం.
కుక్కర్ల చాయ్‌పత్తి డబ్బా, ఆ డబ్బాల లవంగాల పొట్లం.
పప్పు పెట్టాలంటే ముందు చాయ్ తాగాలె.

అయినా కుట్టుమిషన్‌కు జాగ దొరకలే.
వీసా అయిపోయి వాపస్ పోతున్న సిలోన్ ఆమె
యాభై దిర్హాములకిచ్చింది.
చేతి మిషనే, చిన్నదే.
మూడు దినాలు అది తలుపుకు అడ్డం.
ఆయన డ్యూటీకి పోవాలంటే ఎత్తి మంచం మీద పెట్టాలె.
పండుకోవాలంటే దించాలె.

నాలుగో నాడు స్నానానికి పోయి పైకి చూసిన.
గీజర్ పక్కన తెల్ల పలక, ఒక మూల లేసి ఉన్నది.
బకెట్ బోర్లేసిన, దాని మీద స్టూలేసిన,
సామెతల మర్కటాన్నే అయి ఎక్కిన.
పలక నెట్టి ఫోన్ లైటు కొట్టిన.

అబ్బ!
మనిషి పండేంత జాగ.
ఎలుకలు లేని అటుక.
ఆరేండ్ల సంది దీని కిందనే నిలబడి
తలకు సబ్బు పెట్టుకుంటున్నం.

సగం దాంక చెయ్యాడింది.
మిగిలిన సగంల ఒక కార్టన్.
పసుపుపచ్చ తాడు, అడ్డం ఒకటి, నిలువు ఒకటి,
ఎయిర్‌పోర్టుకు తయారైన కట్టుడు.
నల్ల మార్కర్‌తోని నాకు రాని లిపిల ఎవరిదో పేరు.
కింద ఫోన్ నంబరు, ఆఖరి రెండంకెలు చెమ్మకు చెరిగినయ్.
దాని పక్కన గుండ్రంగ గీసిన ముప్పై.

వాచ్‌మన్ జలాలుద్దీన్ గడ్డం గీక్కున్నడు:
మీకు ముందున్నోళ్లు గూడ అడిగిండ్రు,
వాళ్లకు ముందోళ్లు గూడ.
“పారేయరాదు,” అన్నడు గంగాధర్.
మళ్ల ఎక్కిన. తాడు మీద చెయ్యేసిన.
ఆ ముడి నాకు ఎరికే.
మొదటిసారి సెలవుకు పోయేటప్పుడు
నేను కార్టన్ మీద మోకాలు పెట్టి బరువేస్తే
ఆయన పండ్లు కొరికి గుంజి వేసిన ముడి.
ఒక్కరితోని పడదది.

విప్పలే.
గోడకు జరిపి, దుమ్ము తుడిచి,
పక్కకు దుప్పట్లను, మూడు సూట్‌కేసులను ఎక్కిచ్చిన.
మంచం కింద మిషన్ కూసున్నది.

బిడ్డ మనస్వి నీళ్లు పోసుకుంట పైకి చూసి అడిగింది:
“అమ్మా, ఆ డబ్బాయన కిరాయెంత కడ్తడు?”
“కళ్లు మూసుకో, సబ్బు పోతది” అన్న.

ఇయ్యాల మొదటి గిరాకీ లిస్సీ.
సంకల కింద పట్టేసిందట చుడీదార్.
కుట్టు విప్పి చూస్తే లోపల మడత,
ఉతుకుకు వెలవని అసలు రంగు,
ఇటు అర ఇంచి, అటు అర ఇంచి.